మాయాబజారు కథ — మూలవిచారము

భారతకథలు బోధించు తెలుగు పండితులకు ఎప్పుడో యొకప్పుడు ఎదురుకాక మానని చిక్కు నాకును ఎదురైనది. కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి పత్రములు దిద్దుచుండగా, 'అభిమన్యుని భార్య యెవరు?' అను ప్రశ్నకు ఒక బాలుడు 'శశిరేఖ' యని వ్రాసియుండుట చూచి, ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీసి సున్న వేసితిని. పత్రములు తిరిగి యిచ్చిన నాడు ఆ బాలుడు నా బల్లయొద్దకు వచ్చి, "అయ్యవారూ, మా అవ్వ చెప్పిందీ శశిరేఖే, సినిమాలో ఉండేదీ శశిరేఖే. మరి అబద్ధం చెప్పింది ఎవరు?" అని యడిగెను. 'ఆ కథ అమూలకమురా' యని యొక్క మాటతో వానిని పంపివేసితిని. వాడు మారు పలుకలేదు గాని, ఆ మాట నన్నే వెంటాడినది. అమూలకమనగా మూలము లేనిది. మూలగ్రంథమున లేనిదంతయు మూలము లేనిదే యగునా? వ్యాకరణము చదివినవాడు ఈ రెండింటికిని గల భేదమును పాటింపక మాటాడవచ్చునా? ఈ వ్యాసము ఆ సందేహమునుండి పుట్టినది.

1957 వ సంవత్సరము మార్చి 27 వ తేదీన విడుదలయైన 'మాయాబజార్' చలనచిత్రము నెఱుగని తెలుగువారు అరుదు. విజయా సంస్థ పక్షమున నాగిరెడ్డి, చక్రపాణిగార్లు దానిని నిర్మించిరి. కె. వి. రెడ్డిగారు దర్శకులు. మాటలకును పాటలకును కర్త పింగళి నాగేంద్రరావుగారు. బలరాముడు తన కూతురు శశిరేఖను చెల్లెలి కొడుకైన అభిమన్యున కిత్తునని మాట యిచ్చి, పాండవులు జూదమున సర్వమును గోలుపోయిన పిమ్మట ఆమెను దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారున కిచ్చుటకు ఒప్పుకొనుటయు, సుభద్ర కొడుకును వెంటబెట్టుకొని అడవిదారి పట్టుటయు, ఘటోత్కచుడు శశిరేఖను శయ్యతోగూడ నెత్తుకొనిపోయి తాను మాయాశశిరేఖయై ద్వారకలో నిలిచి కౌరవుల పెండ్లివారిని నవ్వులపాలు చేయుటయు, అసలు పెండ్లి వేఱొకచోట జరుగుటయు అందలి కథ. చదువరులెల్లరు నెఱిగినదే యైనను, విచారమునకు వలయు అంశములు ఎదుట నుండుటకై యింతమాత్రము చెప్పితిని.

వ్యాసభారతమున ఈ కథ యొక్క ముక్కయు లేదు. అభిమన్యుని వివాహము విరాటపర్వము తుదను ఉత్తరతో జరిగినది. తిక్కనసోమయాజియు అట్లే చెప్పినాడు. విష్ణుపురాణాదులు రేవతీబలరాములకు నిశఠుడు, ఉల్ముకుడు అను కొడుకులను పేర్కొన్నవి గాని శశిరేఖయను కూతును పేర్కొనలేదు. ఇంతవరకు నేను వేసిన సున్న న్యాయమైనదే.

కాని కథలోని యంగములను విడదీసి యొక్కొక్కదానిని చూచితిమేని వేఱొక సంగతి గోచరించును. మొదట బలరాముని సంగతి. భాగవత దశమస్కంధమున బలరాముడు తన చెల్లెలు సుభద్రను దుర్యోధనున కీయ సంకల్పించెను. అర్జునుడు యతివేషమున ద్వారక చేరి, కృష్ణుని యనుమతితో ఆమెను హరించెను. ఈ కథను ఒక తరము క్రిందికి దింపుడు. దుర్యోధనుని చోట అతని కొడుకు, అర్జునుని చోట అతని కొడుకు, సుభద్ర చోట ఆమె మేనకోడలు నిలుతురు. బలరాముడు మాత్రము బలరాముడుగనే, అదే పక్షపాతముతో, అదే కోపముతో, అదే నిష్కపటత్వముతో నిలుచును. కృష్ణుడును అన్నగారి మాటకు ఎదురాడక పని చక్కబెట్టుకొనుచు కృష్ణుడుగనే యుండును. తండ్రి చేసిన పనిని కొడుకుచేత మరల చేయించుట యిందలి కల్పన. వేషము వేసికొని మోసగించు భారము మాత్రము పెండ్లికొడుకు మీదనుండి తొలగి ఘటోత్కచునిమీద బడినది.

అదే దశమస్కంధమున మఱియొక కథ కలదు. కృష్ణుని కొడుకు సాంబుడు దుర్యోధనుని కూతురైన లక్ష్మణను ఎత్తుకొనిపోవ, కౌరవులు వానిని బంధించిరి. బలరాముడు హస్తినకు బోయి, వారు కుదురుగా మాటాడకున్న నాగలితో నగరమునే గంగలోనికి ఈడ్చ నుద్యమించెను. యాదవబాలుడు కౌరవకన్యను గొనిపోయిన ఆ కథను తలక్రిందులు చేసినచో, యాదవకన్యను కౌరవబాలుడు గొనిపోజూచిన యీ కథ యగును. అచట లక్ష్మణ, ఇచట లక్ష్మణుడు. ఇరువురును దుర్యోధనుని సంతానమే.

ఇక స్థలకాలముల పొందిక చూడుడు. పాండవులు వనవాసమునకు బోయిన పిమ్మట కృష్ణుడు సుభద్రను, అభిమన్యుని తన రథముమీద ద్వారకకు గొనిపోయెనని అరణ్యపర్వము చెప్పుచున్నది. అనగా తండ్రి యడవిలో నుండగా అభిమన్యుడు మేనమామల యింట పెరిగినాడు. ఆ పదుమూడేండ్లలో అతడేమి చేసెనో భారతము విరివిగా చెప్పలేదు. కథకునకు కావలసిన ఖాళీ యదియే. ఘటోత్కచుని పనియు క్రొత్తది కాదు. గంధమాదన మార్గమున ద్రౌపది అలసి సొలసినప్పుడు భీముడు తలచినంతనే ఘటోత్కచుడు వచ్చి ఆమెను మోసికొని ఆకాశమార్గమున బోయినట్లు అరణ్యపర్వముననే కలదు. పినతల్లిని మోసినవాడు తమ్ముని ప్రియురాలిని మోయుట యెంత దూరము?

నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచినది ద్రోణపర్వము. పదుమూడవనాటి యుద్ధమున, పద్మవ్యూహమధ్యమున, అభిమన్యుని చేత గూలిన కౌరవకుమారులలో దుర్యోధనుని ముద్దుకొడుకు లక్ష్మణు డొకడు. వ్యాసుడు ఈ యిరువురికిని యుద్ధమునకు ముందు ప్రత్యేకమైన పగ యేదియు చెప్పలేదు. ఈ కథను మొదట నల్లినవా డెవ్వడో గాని ఆ లోటును పూరించినాడు. పెండ్లిపీటలయొద్ద నవ్వులపాలైన లక్ష్మణుడే రేపు ఆ బావమఱది చేత యుద్ధభూమిలో చచ్చుననియు, పెండ్లి చేయించిన ఘటోత్కచుడు ఆ మఱునాటి రాత్రియే కర్ణుని శక్తికి గూలుననియు తెలిసిన ప్రేక్షకునకు ఈ హాస్యకథ అడుగున వేఱొక స్వరము వినబడును. తెలియనివానికి నవ్వు చాలును.

బీజములు గ్రంథములలో నున్నవి. అవి మన దక్షిణాపథమున నింతగా వేరూనుటకు కారణము వేఱు. బోధాయన ధర్మసూత్రకారుడు దక్షిణదేశమున మాత్రమే కానవచ్చు ఆచారములను కొన్నింటిని లెక్కించుచు, మేనమామ కూతును, మేనత్త కూతును వివాహమాడుటను అందు చేర్చినాడు. మన మేనరికము అంత ప్రాచీనమైనది. అభిమన్యుడు శశిరేఖకు మేనత్త కొడుకు. కనుక ఈ కథ వినువారికి బలరాముడు చేసినది రాజకీయమైన తప్పిదమువలె తోపదు. ఆడబిడ్డకిచ్చిన మాట తప్పుటవలె తోచును. కలిమి యున్ననాళ్లు వదినెలు పీటలు వేసి కూర్చుండబెట్టి, కలిమి తొలగినంతనే వంటయింటి తలుపు చాటున మాటలాడుకొనుట, సంబంధమును మెల్లగా వేఱొక యింటికి మరల్చుకొనుట, ఇవి మన కడప కర్నూలు పల్లెలవారు నాటకములో చూచి నేర్వవలసిన సంగతులు కావు. వరుసగా రెండేండ్లు వాన తప్పినచో ఈ సీమలో ఎన్ని సంబంధములు తప్పునో పెద్దలెఱుగుదురు. మా యూరి ముసలమ్మలు శశిరేఖ కథ చెప్పునప్పుడు మాయలను చిటికెలో ముగించి, రేవతి సుభద్రను పలుకరింపని ఘట్టమును గంటసేపు చెప్పుదురు. ఘటోత్కచుని యందలి ప్రీతికి గూడ ఇదియే మూలమని నా తలంపు. దిక్కులేని పినతల్లి పక్షమున నిలిచిన కొడుకు అతడు.

కథానాయిక పేరు తమిళమునను మహారాష్ట్రమునను వత్సల, మనకు శశిరేఖ. 1957 నాటి చిత్రమునకే తమిళరూపమున నాయిక వత్సలగా నున్నది. ఒక్క ప్రామాణిక గ్రంథమునుండి దేశభాషలకు దిగిన కథయైనచో పేరు ఇట్లు మారదు. నోటినుండి నోటికి, ఆటనుండి ఆటకు నడచివచ్చిన కథల లక్షణ మిది.

ఆ నడకలో ఒక మజిలీ మన కడప జిల్లాలోనే యున్నది. సురభి నాటకసమాజము పేరు వినని వారుండరు. ఆ పేరు కడప జిల్లాలోని యొక పల్లెదని యెఱుగనివారు పలువురు కలరు. మహారాష్ట్రదేశమునుండి వలస వచ్చి తోలుబొమ్మలాట జీవనముగా గల కుటుంబమున బుట్టిన వనారస గోవిందరావుగారు 1885 వ సంవత్సరమున సురభి గ్రామమున కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. తెరవెనుక బొమ్మల నాడించినవారు తామే తెరముందుకు వచ్చిరి. ఆడువారి వేషములను మగవారే కట్టుచున్న ఆ దినములలో వీరి కుటుంబ స్త్రీలే స్త్రీపాత్రలు ధరించిరి. కాలక్రమమున ఒక్క కుటుంబము పలు సమాజములుగా చీలి తెలుగునాడెల్ల తిరిగినది. వానిలో 1937 లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడపిన ఆర్. నాగేశ్వరరావుగారికి 2013 లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఈ సమాజముల నాటకములలో ప్రజలు మరల మరల కోరునది మాయాబజారే.

కోరుటకు కారణము మాయలు. కంటికి కానరాని తీగలమీద లడ్డుకములు నడచుట, బాణములు ఎదురెదురుగా వచ్చి తాకుట, మంచముతో గూడ శశిరేఖ పైకి లేచుట మొదలగువానికి సురభివారు ప్రసిద్ధులు. బొమ్మలాట వదలి నాటకము పట్టినవారికి ఈ విద్య సహజముగనే అబ్బినదని చెప్పవచ్చును. బొమ్మకు ఎగురుట తేలిక, ఎందుకన దాని ప్రాణము దారములలో నున్నది. అట్టి దారముల నెఱిగిన చేతులు మనుష్యులకును దారములు గట్టినవి.

చలనచిత్రములు వచ్చిన తొలిదినములలోనే ఈ కథ వానికెక్కినది. 1936 లో పి. వి. దాసుగారి దర్శకత్వమున తెలుగు మాయాబజారు, శశిరేఖాపరిణయమను నామాంతరముతో వెలువడినది. 1957 నాటి చిత్రము దాని తరువాతిది. ఆ నిర్మాతలలో ఒకరైన నాగిరెడ్డిగారు 1912 లో కడప జిల్లా పొట్టిపాడున జన్మించిరి. దర్శకులు కె. వి. రెడ్డిగారు, అనగా కదిరి వెంకటరెడ్డిగారు, ఆ సంవత్సరముననే తాడిపత్రిలో జన్మించిరి. తాడిపత్రి అనంతపురము జిల్లాలోనిదైనను కడపసీమకు ఇరుగుపొరుగే. ఛాయాగ్రాహకులైన మార్కస్ బార్ట్లేగారు సురభివారి తీగలు చేసిన పనిని యంత్రముతో చేసిరి. పళ్లెరములోని లడ్డుకములు తమంత లేచి ఘటోత్కచుని నోటిలోనికి వరుసగా బోవు ఘట్టమును చూచి నవ్వని బాలుని నేను చూడలేదు. ఈ చిత్రమునకు 2010 లో రంగులద్ది మరల విడుదల చేసిరి. నలుపు తెలుపులదే నాకు రుచించును; అది చిన్ననాట చూచినవాని పక్షపాతము కావచ్చును.

ఇక శాస్త్రము నడుగుదము. దశరూపకకారుడు నాటకవస్తువును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించినాడు. ఇతిహాసమునుండి గ్రహించినది ప్రఖ్యాతము, కవికల్పితము ఉత్పాద్యము, రెండింటి కలయిక మిశ్రము. ఆనందవర్ధనుడు ఇంకను ముందుకు బోయి, పరంపరగా వచ్చిన కథయందు రసమునకు అనుకూలింపని భాగమున్నచో కవి దానిని విడిచి తగిన కల్పన చేయవచ్చునని యనుమతించినాడు. కుంతకుడు ఇట్టి కల్పనను ప్రకరణవక్రతయందు చేర్చి మెచ్చుకొనినాడు. భారతమునందలి శకుంతలోపాఖ్యానమున ఉంగరము లేదు, దుర్వాసుని శాపము లేదు. అవి లేవని కాళిదాసు నాటకమును అమూలకమని యెవరును త్రోసివేయలేదు. మహాకవి కిచ్చిన యనుమతిని ఊరూర దిరుగు బొమ్మలాటవానికి ఈయకపోవుట శాస్త్రము చేసిన పని కాదు, మనము చేసిన పని.

అనుమతి యున్నదని యేమి చేసినను చెల్లదు, ఔచిత్యము పాటింపవలెను. ఈ పరీక్షకు చలనచిత్రమును నిలిపి చూచితిని. పాండవుల చుట్టును తిరుగు కథయందు పాండవు లొక్కరును కనబడరు. ఇది పలువురు గుర్తించిన విశేషమే. దాని ఔచిత్యము మాత్రము ఆలోచింపదగినది. ధర్మరాజు ఒక్కసారి రంగమున నిలిచెనేని, మాయచేత కౌరవులను వంచించి కొడుకునకు పెండ్లి చేయుట ధర్మమా యను ప్రశ్న లేచును. ఆ ప్రశ్న లేచినచో హాస్యము నిలువదు. వనవాసమున నున్నవారు కనబడకుండుట కథకును తగును, రసమునకును తగును. ప్రియదర్శిని యను పేటికయు అట్టిదే. చూచువారికి ప్రియమైనది అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడుట వింత గాదు. కృష్ణునకు శకుని కనబడుట కథాకర్త ప్రజ్ఞ. కురువంశ నాశనమునకు సాధనమైనవాడు కృష్ణునకు ప్రియుడని చెప్పుటకు భారతమంతయు తెలిసియుండవలెను. తుదను సత్యపీఠముమీద నిలిచిన శకుని తన కుట్రను తానే వెళ్లగ్రక్కుట మోటు హాస్యమువలె నుండును గాని, నోటితోనే సర్వమును సాధించినవానికి నోటితోనే దండన యగుట చూడుడు.

మాయారూపములవలన పుట్టు చిక్కులు తెలుగు కావ్యమునకు క్రొత్తవి కావు. నంద్యాల కృష్ణమరాజునకు పింగళి సూరన యంకితమిచ్చిన కళాపూర్ణోదయము పదునాఱవ శతాబ్దిలో ఈ సీమతో సంబంధించి వెలసినది. నంద్యాల మొన్నమొన్నటివరకు కర్నూలు జిల్లాలోనిదై 2022 నుండి తానే జిల్లాయైనది. ఆ కావ్యమును గూడ ద్వారకలోనే యెత్తుకొనినాడు. అందు కలభాషిణి రంభరూపమును బొందును, మణికంధరుడు నలకూబరరూపమును బొందును, అసలు రంభయు మాయారంభయు ఎదురుపడి నేనే రంభనని వాదులాడుదురు. ఉత్పాద్యకథలలో దానిని శిరోమణిగా మనము పాఠము చెప్పుదుము. మాయాశశిరేఖకు అంతకన్న దగ్గఱి అక్క యెవతె? చలనచిత్రమునకు మాటలు వ్రాసినవారి యింటిపేరును పింగళియే యగుట యాదృచ్ఛికమే గాని, చెవికి ఇంపుగా నున్నది.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగమునకు వచ్చుచున్నాను. ఘటోత్కచుని కొలువులో చిన్మయుడను గురువు రాక్షసశిష్యులకు విద్య గఱపుచుండును. తమవారు 'అస్మదీయులు'. శిష్యుల నోట అది 'అసమదీయు'లైనది. దానిని బట్టి పగవారు 'తసమదీయు'లైరి. ప్రేక్షకులు ఇది విని నవ్వుదురు. వైయాకరణుడు నవ్విన పిమ్మట ప్రక్రియ చూడవలెను.

అస్మచ్ఛబ్దమునకు 'మాకు సంబంధించినది' యను శైషికార్థమున ఛప్రత్యయము వచ్చి, ఛకారమునకు ఈయాదేశము కాగా అస్మదీయరూపము సిద్ధించును. ఖఞ్ ప్రత్యయము వికల్పముగ విధింపబడుటచే ఆస్మాకీనమును, అణ్ వలన ఆస్మాకమును గూడ కలవు. తచ్ఛబ్దము త్యదాదులలో జేరుటచే వృద్ధసంజ్ఞను బడసి, అదే ఛప్రత్యయముతో తదీయ మగును. కావున అస్మదీయునకు ప్రతియోగి తదీయుడు, తస్మదీయుడు అపశబ్దము. ఇంతవరకు ఏ విద్యార్థియైన చెప్పగలడు. ఆ అపశబ్దము ఎట్లు పుట్టినదో చూచుట యుచితము. ఇదంశబ్దమునకు అస్మై, అస్మాత్, అస్మిన్ అనియు, తచ్ఛబ్దమునకు తస్మై, తస్మాత్, తస్మిన్ అనియు రూపములు. శబ్దమంజరి వల్లించిన ప్రతి బాలుని చెవిలోను ఈ 'అస్మ-తస్మ' జంట మ్రోగుచుండును. దగ్గఱదానికి అకారము, దూరమైనదానికి తకారము. అస్మచ్ఛబ్దమునకును ఇదంశబ్దమునకును ఏ సంబంధమును లేకున్నను, చెవి ఆ భేదమును పాటింపక అస్మదీయునకు ఎదురుగా తస్మదీయుని నిలిపినది. అది తప్పు, ఊరక పుట్టిన తప్పు మాత్రము కాదు. సంస్కృతమును సగము విన్నవాడు చేయదగిన తప్పు. ఇక 'స్మ' యను సంయుక్తమును విడదీసి 'సమ' యని పలుకుట మన తెలుగుకు తొల్లింటినుండి యున్న యలవాటే. రత్నమును రతనముగను, యత్నమును జతనముగను చేసికొన్నదియు ఆ మార్గముననే.

గింబళి గిల్పముల కథ యింకను చిత్రమైనది. పని గిని, పుస్తకము గిస్తకము అని మనము నిత్యము పలుకుచుందుము. మొదటి యక్షరము హ్రస్వమైనచో 'గి', దీర్ఘమైనచో 'గీ' వచ్చును. రెండవ పదమునకు స్వతంత్రమైన యర్థము లేదు. 'అట్టివి మఱికొన్ని' యను భావమును మాత్రము స్ఫురింపజేయును. చలనచిత్రమున కౌరవపక్షపు పురోహితులకు కంబళితోబాటు గింబళియు, తల్పముతోబాటు గిల్పమును నిజముగనే యెదురగును. గింబళి కాలు పెట్టినవానిని త్రిప్పును, గిల్పము పండుకొన్నవానిని దొర్లించును. అర్థము లేని పదమునకు వస్తువును సృజించి యిచ్చుట! మాయాబజారు అను పేరునకు ఇంతకన్న సార్థకత్వ మేమి కావలెను? ఆ పేరును గూర్చియు ఒక మాట. బజారు పారసీకమునుండి వచ్చినది. సంస్కృత సిద్ధరూపమైన 'మాయా' దానితో సమసించుట వైరిసమాసము. తత్సమము చేసి 'మాయబజారు' అనవలెను. అట్లు దిద్దినచో ఎవరును నా వంక చూడరని యెఱిగి, ఈ వ్యాసమునకును లోకము వాడిన పేరే పెట్టితిని.

మహాభాష్యపు పస్పశాహ్నికమున పతంజలి యొక పోలిక చెప్పినాడు. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి బోయి చేయించుకొనును. మాట కావలసినవాడు వైయాకరణుని యింటికి బోయి మాటలు చేసి పెట్టుమని యడుగడు. మాటలు లోకమున నున్నవి, శాస్త్రము వానిని నియమించును. చలనచిత్రమున క్రొత్తమాట పుట్టించిన శిష్యుని గురువు తప్పుపట్టబోగా, ఘటోత్కచుడు అడ్డుపడి, ఒకరు పుట్టింపనిదే మాటలు పుట్టు టెట్లని వానికి వీరతాడు బహుమానమిచ్చును. భాష్యమునకు ఇది విరుద్ధమని నేను చాలకాలము తలంచితిని. ఇప్పుడట్లు తోచుట లేదు. పతంజలి కుమ్మరితనమును నిరాకరించినది వైయాకరణునకు, లోకమునకు గాదు. ఘటోత్కచుడు వైయాకరణుడా? నేడు వార్తాపత్రికలలో, సభలలో, రాజకీయపక్షముల వాదములలో 'అస్మదీయులు, తస్మదీయులు' అను జంట నిరంతరము వినబడుచున్నది. విడిపోయిన సంయుక్తము మరల కూడినది, అపశబ్దము శిష్టవేషము ధరించినది. కడపలో 1820 నుండి కొంతకాలము కొలువు చేసిన సి. పి. బ్రౌను దొర తన నిఘంటువులో వాడుకమాటలకును చోటిచ్చినాడు. 1852 లో అచ్చైన ఆ నిఘంటువును మనము నేటికిని తిరుగవేయుచున్నాము. నే డెవరైన నిఘంటువు కూర్చుచో తస్మదీయపదమును చేర్చి, 'అసాధువు, 1957 నాటి చలనచిత్రమునుండి వ్యాప్తి చెందినది' అని వ్రాయవలెనని నా యభిప్రాయము. విడిచిపెట్టుట దాచుట యగును.

ఇట్లు పొగడితినని ఈ కథలో లోపము లేదనుకొనరాదు. ఒకటి కలదు, అది చిన్నది కాదు. విరాటపర్వమున ఉత్తరావివాహమునకు ఉపప్లావ్యమునకు వచ్చిన బంధువులలో బలరాముడును ఉన్నాడు. తన యల్లుని రెండవ పెండ్లికి వచ్చి, కూతును గూర్చి యొక్క మాటయు పలుకక భోజనము చేసి కూర్చుండెననవలెనా? మన బలరాముడు అట్టివాడు కాడు. స్త్రీపర్వమున గాంధారి యుద్ధభూమిని చూచి దుఃఖించుచు, అభిమన్యుని కళేబరము నొద్ద ఉత్తర విలపించుటను వర్ణించును. తమ కాపురము ఆఱు నెలలే సాగినదని ఉత్తర యేడ్చును. ఆ చోట ఆమె యొక్కతెయే యున్నది. ద్వారకనుండి వచ్చిన మఱియొక విధవ అచ్చట లేదు. నాటకకర్తలును, బొమ్మలాటవారును, చలనచిత్రకర్తలును పెండ్లితో తెర దింపి, ఆ చోటికి పోకుండ తప్పించుకొనిరి. కథ భారతమునుండి బీజములు గ్రహించినది, భారతములోనికి మరలి పోజాలకున్నది. దాని కుట్టు తెలియుచున్న చోటు ఇది. మా యూరి అవ్వలలో ఒకామెను, 'అభిమన్యుడు చచ్చినాక శశిరేఖ యేమైనది?' అని యడిగితిని. ఆమె నా వంక చూచి, "శుభమా అని పెండ్లి కథ చెప్తాంటే ఆ మాట అడుగుతావేమప్పా!" అని కసరినది.

నాటినుండి ప్రశ్నపత్రము కూర్చునప్పుడు 'అభిమన్యుని భార్య యెవరు?' అని వ్రాయుట మానితిని. 'విరాటపర్వమున అభిమన్యుడు వివాహమాడిన కన్య యెవరు?' అని వ్రాయుచున్నాను. ఎవరైన శశిరేఖ యని వ్రాసినచో మార్కు వేయను గాని, పత్రము ప్రక్కన 'ఇది కథలోని పేరు, పర్వములోని పేరు వ్రాయుము' అని వ్రాసి యిచ్చుచున్నాను. మొదట నన్నడిగిన బాలుని సున్నను దిద్దవలెనని తోచునప్పటికి మార్కుల పట్టిక నా చేయి దాటిపోయి యుండెను.